పికప్‌ని ఓమ్‌లతో తూచకండి

సంపాదకులకు నమస్కారం.

మొదటిసారి ఎలక్ట్రిక్ గిటార్ కొనేవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన పోలిక పట్టిక చూశాను. ధర, రంగు, బరువు వరకు పేచీ లేదు. చివరి గడిలో మాత్రం ‘పికప్ పవర్’ (పికప్ అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతం, కాయిల్ జోడీ) అని పేరుపెట్టి కిలోఓమ్‌లలో అంకెలు వేశారు, అంకె పెద్దదైతే నక్షత్రాలు ఎక్కువ ఇచ్చారు. ఆ గడి తప్పు. దాన్ని పట్టుకుని షాపుకెళ్లినవాళ్లు తమకు పనికొచ్చే గిటార్‌ని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

ఓమ్‌లు చెప్పేది ఒక్కటే: కాయిల్‌లో చుట్టిన రాగితీగ కరెంటుని ఎంత అడ్డుకుంటోందని. పికప్‌లో సాధారణంగా వాడేది 42 గేజ్ తీగ, వెంట్రుకంత సన్నం. అన్నే చుట్లు ఇంకాస్త సన్నటి 43 గేజ్‌తో చుడితే ఓమ్‌లు సుమారు పావు వంతు పెరుగుతాయి. శబ్దం మాత్రం ఆ లెక్కన పెరగదు. పైగా రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున ఎక్కుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర 8 కిలోఓమ్‌లు చూపించిన పికప్, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల్లో 8.6 చూపిస్తుంది. మీ పట్టిక లెక్క ప్రకారం బెజవాడ ఎండలో ప్రతి గిటార్‌కీ అర నక్షత్రం ఎక్కువ రావాలి!

స్వరంలో తేడా తెచ్చేది ఇండక్టెన్స్ (కరెంటులో వచ్చే మార్పుని కాయిల్ అడ్డుకునే గుణం), అయస్కాంతం, పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే, తిప్పితే మారే నిరోధం) విలువ, చివరికి మనం గుచ్చే కేబుల్. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (వాడుకలో స్ట్రాట్) తరహా సింగిల్ కాయిల్, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్, ఇండక్టెన్స్ సుమారు 2.4 హెన్రీలు ఉంటుంది. పాతకాలపు గిబ్సన్ తరహా హంబకర్, అంటే రెండు కాయిల్‌ల పికప్‌ది 4.5 దరిదాపుల్లో. ఈ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలవ ఉంచే గుణం) కలిసి ఒకచోట, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర, శబ్దాన్ని పెంచుతాయి, ఆ పైన కోసేస్తాయి. మొత్తం కెపాసిటెన్స్ 600 పికోఫారడ్‌లు అనుకుంటే సింగిల్ కాయిల్‌కి ఆ చోటు 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, హంబకర్‌కి 3,100 దగ్గర. ఒకటి గలగలమని, రెండోది గుమ్మని వినిపించడానికి ముఖ్య కారణం ఇదే. అదే సింగిల్ కాయిల్‌కి పొడుగాటి కేబుల్ తగిలించి కెపాసిటెన్స్‌ని 1,000 పికోఫారడ్‌లు చేస్తే చోటు 3,250కి దిగిపోతుంది. అంటే ఒక గిటార్‌ని 10 అడుగుల కేబుల్‌తో, రెండోదాన్ని 25 అడుగుల కేబుల్‌తో వాయించి చూస్తే మనం పోల్చింది గిటార్లను కాదు, కేబుళ్లను.

అయస్కాంతం సంగతి. స్క్వయర్ అఫినిటీ స్ట్రాట్‌లో సిరామిక్ పికప్‌లు, అదే కంపెనీ క్లాసిక్ వైబ్‌లో ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసే అయస్కాంతం). యమహా పసిఫికా 012లో సిరామిక్, 112విలో ఆల్నికో 5. ఎదురుగా నిలబెడితే జత జతా కవల పిల్లల్లా ఉంటాయి, తేడా కింద ఉంది. ఆల్నికో సింగిల్ కాయిల్‌లో పైకి కనిపించే ఆరు కడ్డీలూ అయస్కాంతాలే. చవక సిరామిక్ పికప్‌లో ఆ కడ్డీలు ఉత్త ఉక్కు ముక్కలు, అడుగున ఒక నల్లటి అయస్కాంతపు పట్టీ అంటించి ఉంటుంది. ఉక్కు వల్ల ఇండక్టెన్స్ పెరిగి స్వరం కొంచెం మందమవుతుంది. పై నుంచి ఇనుప స్క్రూ అంటించి చూస్తే రెండూ లాగుతాయి, కాబట్టి ఆ పరీక్షతో తేలదు. వాడిన గిటార్ కొంటున్నట్టయితే తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ (ముందువైపు ప్లాస్టిక్ పలక) స్క్రూలు విప్పి బోర్లా తిప్పితే అర నిమిషంలో తెలిసిపోతుంది. అలాగని సిరామిక్ అంటే చెత్త అని తీర్మానించకండి. గట్టి డిస్టార్షన్ (కావాలని గరుకు చేసిన శబ్దం) వాయించేవాళ్ల కోసం తయారుచేసే ఖరీదైన హంబకర్లలో సిరామిక్ వాడేవి చాలా ఉన్నాయి.

షాపులో రెండు గిటార్లనీ పక్కపక్కన పెట్టి స్వరం పోల్చేటప్పుడు ముందు చూడాల్సింది పికప్ ఎత్తు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక దాన్ని సరిచేసే షాపులు తక్కువ. అర మిల్లీమీటరు గీతలున్న చిన్న స్టీలు స్కేలు జేబులో వేసుకెళ్లండి. లావు తీగని చిట్టచివరి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ కమ్మీ) దగ్గర నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి కడ్డీ తలదాకా కొలవండి. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్‌కి లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. ఫెండర్ చెప్పే కొలత. పాత తరహా ఆల్నికో అయితే 2.4, 2. గిబ్సన్ లెస్ పాల్ తరహా హంబకర్లకి బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గరి పికప్‌కి 1.6, నెక్ (గిటార్ మెడ) దగ్గరిదానికి 2.4తో మొదలుపెట్టవచ్చు. పికప్ రెండు పక్కలా ఉన్న స్క్రూలే సాధనం. స్ట్రాట్‌లో బిగిస్తే పికప్ పైకి వస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. షాపువాళ్లని అడిగే తిప్పండి.

మరీ దగ్గరగా ఉంటే ఏమవుతుందో వినాలంటే స్విచ్‌ని నెక్ పికప్ మీద పెట్టి, లావు తీగని 12వ ఫ్రెట్ దాటాక నొక్కి మీటండి. ఒకే స్వరం రెండుగా చీలి ‘వ్వావ్వా’ అని ఊగుతుంది, ట్యూనర్ ముల్లు ఎక్కడా నిలవదు. అయస్కాంతం తీగని లాగేస్తోందన్నమాట. చాలామంది దీన్ని శ్రుతి దోషమనుకుని బ్రిడ్జి శాడిల్ (తీగ ఆనే ముక్క) స్క్రూ తిప్పి తిప్పి అలిసిపోతారు. పికప్‌ని ఒక మి.మీ. దించితే పోయే జబ్బు అది. ఆల్నికో కడ్డీలున్న సింగిల్ కాయిల్‌లోనే ఇది ఎక్కువ, ఎందుకంటే అందులో కడ్డీ తలే అయస్కాంతపు ధ్రువం.

ఎత్తు సమానం చేశాక యాంప్ ఒకటే, నాబ్‌లు ఒకటే, కేబుల్ ఒకటే. గిటార్ మీది టోన్, వాల్యూమ్ 10లో పెట్టండి. ఇక మిగిలింది చెవి చేసే మోసం: కాస్త గట్టిగా వినిపించేదే బాగున్నట్టు తోస్తుంది. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ తెరిచి, యాంప్ నుంచి ఒకే దూరంలో పెట్టి, ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) కొట్టి, గట్టిగా ఉన్న గిటార్ వాల్యూమ్‌ని కాకుండా యాంప్ వాల్యూమ్‌ని సవరించి రెండూ ఒక డెసిబెల్ తేడాలోకి తెచ్చాకే తీర్పు చెప్పండి. గిటార్ మీద వాల్యూమ్ తగ్గిస్తే పైస్థాయి స్వరాలు కూడా మందగిస్తాయి, పోలిక చెడుతుంది. తీగల గేజ్ (లావు) కూడా చూడాలి. ఒకదానికి 9–42, ఇంకోదానికి 10–46 ఉంటే ఆ తేడా తీగలది. తుప్పు పట్టిన తీగలతో ఏ పికప్పూ మోగదు. వీలుంటే కొత్త సెట్లు మీరే కొనిచ్చి వేయించుకోండి. పదివేలు దాటే వస్తువుకి అది దండగ కాదు.

ఓమ్‌లకి పనే లేదా అంటే ఉంది, రోగం పట్టుకోవడానికి. గిటార్‌కి కేబుల్ గుచ్చి, రెండో చివర జాక్ కొనకి ఒక ప్రోబ్, ఒంటికి ఇంకొకటి పెట్టి, మల్టీమీటర్‌ని 20కె రేంజిలో ఉంచండి. వాల్యూమ్ 10లో ఉండాలి. మూడు సింగిల్ కాయిల్‌లున్న స్ట్రాట్‌లో పికప్ స్విచ్ 1, 3, 5 స్థానాల్లో 6 కిలోఓమ్‌ల దరిదాపుల్లో, 2, 4 స్థానాల్లో దానిలో సగం రావాలి, అక్కడ రెండు కాయిల్‌లు సమాంతరంగా కలుస్తాయి కనక. ఏ స్థానంలోనైనా మీటర్ రేంజి దాటిపోతే 2 మెగాఓమ్‌ల రేంజికి మార్చండి. అక్కడ 250 కిలోఓమ్‌ల దగ్గర కనిపిస్తే కాయిల్ తెగింది, మీటర్ చూస్తున్నది ఉత్త వాల్యూమ్ పాట్‌ని. సున్నా వస్తే ఎక్కడో షార్ట్ అయింది, సోల్డర్ కారి ఉండొచ్చు. హంబకర్‌కి కాయిల్ స్ప్లిట్ (రెండు కాయిల్‌లలో ఒకదాన్ని ఆపే ఏర్పాటు) ఉంటే, 112విలో లాగా నాబ్ పైకి లాగినప్పుడు అంకె సగానికి పడాలి. పడకపోతే ఆ స్విచ్ అలంకారమే.

వెనక మూత, స్ట్రాట్‌లో అయితే పిక్‌గార్డ్, విప్పే వీలుంటే పాట్ మీద అచ్చు చదవండి. సింగిల్ కాయిల్‌కి 250కె, హంబకర్‌కి 500కె మామూలు జోడీ. సింగిల్ కాయిల్‌కి 500కె పెడితే చెవిలో సూది గుచ్చినట్టుంటుంది, హంబకర్‌కి 250కె పెడితే దుప్పటి కప్పినట్టుంటుంది. అచ్చులో ‘ఎ’ ఉంటే ఆడియో టేపర్ (చెవికి తగ్గట్టు మారేది), ‘బి’ ఉంటే లీనియర్ (తిప్పినదాన్ని బట్టి సమంగా మారేది). లీనియర్ వాల్యూమ్ 10 నుంచి 4 దాకా తిప్పినా పెద్దగా తగ్గదు, తర్వాత దబ్బున పడిపోతుంది. ఇవన్నీ వందల్లో అయిపోయే రిపేర్లు, వీటికోసం గిటార్‌ని వద్దనుకోనక్కర్లేదు.

గోల గురించి ఒక మాట. సింగిల్ కాయిల్‌లో మన 50 హెర్ట్జ్ కరెంటు ‘హుమ్’ వినిపించడం లోపం కాదు, దాని స్వభావం. హంబకర్‌లో రెండు కాయిల్‌లని ఎదురెదురుగా చుట్టి, అయస్కాంత ధ్రువాలు కూడా తిరగేసి ఆ హుమ్‌ని చంపుతారు. స్ట్రాట్‌లో మధ్య పికప్‌ని అలా తిరగేసి చుట్టి ఉంటే 2, 4 స్థానాల్లో హుమ్ తగ్గాలి. కొనేముందు స్విచ్ తిప్పుతూ వినండి. ‘జ్జ్‌జ్’మనే గరగర వేరే. దానికి తరచు కారణం గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్. ఫ్యాన్ ఆపితే ఆగిపోతే గిటార్‌కి ఏమీ లేదు. ‘టక్ టక్’మని అంచెలంచెలుగా పడే కెపాసిటర్ రెగ్యులేటర్‌తో ఈ బాధ ఉండదు. తీగలు ముట్టుకుంటే గోల తగ్గితే ఎర్తింగ్ సరిగా ఉన్నట్టు. ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జికి వెళ్లే ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు. తీగలు ముట్టుకోగానే చేతికి చురుక్కుమంటే మాత్రం యాంప్ ప్లగ్ వెంటనే పీకించండి. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చిన యాంప్‌తో ఆడుకోకూడదు.

కర్ణాటక సంగీతం వాయించాలనుకునేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించిన నేల ఇది. గమకం కోసం తీగని పక్కకి లాగినప్పుడు అది కడ్డీ మీద నుంచి జరిగి, స్వరం మధ్యలో శబ్దం సన్నబడే పికప్‌లు ఉన్నాయి. షాపులో సన్న తీగని 12వ ఫ్రెట్ దగ్గర ఒకటిన్నర స్వరం లాగి చూడండి. మధ్యలో ముడుచుకుపోతే పికప్‌ని కొంచెం దించి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే విడి కడ్డీల బదులు ఒకే ఉక్కు పట్టీ ఉండే పికప్ మీకు తగినది.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం: కవల గిటార్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే పికప్‌ని చివర చూడండి, నెక్‌ని ముందు చూడండి. పికప్ తర్వాత మార్చుకోవచ్చు, వంకరపోయిన నెక్‌కీ ఎగుడుదిగుడు ఫ్రెట్లకీ పెట్టే ఖర్చుతో గిటారే వస్తుంది. లావు తీగని ఒకటో ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టండి. 8వ ఫ్రెట్ దగ్గర తీగ కింద 0.25 మి.మీ. సందు, అంటే ఒక విజిటింగ్ కార్డు పట్టీ పట్టనంత, ఉంటే చాలు. నెక్ అంచు మీద వేలు జార్చండి, ఫ్రెట్ కొనలు గీరుకోకూడదు. పికప్ మార్చే ఉద్దేశం ఉంటే మొదటి, ఆరో తీగల మధ్య దూరం బ్రిడ్జి దగ్గర కొలిచి రాసుకోండి. 49–50 మి.మీ. కడ్డీల హంబకర్‌ని 52 మి.మీ. తీగల కింద పెడితే అంచు తీగలు కడ్డీల బయటికి పోతాయి. పిక్‌గార్డ్ కింద చెక్కలో హంబకర్ పట్టేంత గుంట ఉందా లేదా కూడా అడిగి తెలుసుకోండి. లేకపోతే సింగిల్ కాయిల్ సైజులోనే దొరికే హంబకర్ తీసుకోవాలి.

ఈసారి పట్టిక వేస్తే ‘పికప్ పవర్’ గడి తీసేసి, ఆ స్థలంలో నాలుగు గడులు పెట్టండి: అయస్కాంతం రకం, పాట్ విలువ, బ్రిడ్జి దగ్గర తీగల వెడల్పు, మధ్య పికప్ తిరగేసి చుట్టిందా లేదా.

ఇట్లు,
గిటార్ల సర్వీసింగ్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ.