హైదరాబాద్ ఇరానీ కుటుంబాల సంఘం: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ సలాం, నమస్కారం.

మన సంఘం నివేదిక తెలుగులో రావడం ఇదే మొదటిసారి. మన పిల్లలు బడిలో తెలుగు చదువుతున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడుతున్నారు. ఫార్సీ నానమ్మల నోట తప్ప వినబడటం లేదు. ముత్తాతలు ఇరాన్‌లోని యజ్ద్ పల్లెల నుంచి బొంబాయి మీదుగా ఈ ఊరొచ్చి హోటళ్లు పెట్టారని వాళ్లకు తెలుసు. అంతకు మించి అడిగితే చెప్పలేరు. ఇరుగుపొరుగుకైతే మనమంటే చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఈ ఏడాది కార్యక్రమాలన్నీ ఈ లోటు తీర్చడానికే పెట్టుకున్నాం.

మార్చి 20 మధ్యాహ్నం 2 గంటల 31 నిమిషాలకు నవ్‌రోజ్, అంటే ఇరానీ కొత్త ఏడాది వచ్చింది, 1404వ సంవత్సరం మొదలైంది. అది రంజాన్ నెల 19వ రోజు. ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీకి కత్తి దెబ్బ తగిలిన రోజు కావడంతో మన ఇళ్లలో సంతాపం. పండుగ చేయాలా వద్దా అని కార్యవర్గంలో చాలాసేపు చర్చ జరిగింది. చివరికి నవ్‌రోజ్‌కు పెట్టే హఫ్త్‌సీన్ పరిచి, ఆ నిమిషానికి అందరం కలిసి దుఆ (ప్రార్థన) చదివాం. పాటలు, మిఠాయిలు ఈద్ తర్వాతకు వాయిదా వేశాం. కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. అయినా చేసింది సబబేనని మా అభిప్రాయం.

హఫ్త్‌సీన్ గురించి ఒక మాట. ‘స’తో మొదలయ్యే ఏడు వస్తువులు పెట్టాలి. సీబ్ అంటే ఆపిల్, సీర్ అంటే వెల్లుల్లి, సిర్కె అంటే వెనిగర్, ఇవి ఇక్కడే దొరికాయి. సెంజెద్ పండ్లు దొరక్క వాటి బదులు నాణేలు (సిక్కె) పెట్టాం. చిక్కంతా సబ్జె, అంటే గోధుమ మొలకల దగ్గరే వచ్చింది. మార్చి ఎండకు మొదటి పళ్లెం నాలుగో రోజే వాడిపోయింది. అప్పుడు పక్కింటి పెద్దమ్మ చూసి, పెళ్లి పాలికలకు తాము చేసేది చెప్పింది: మట్టి మూకుడులో వేసి, తడి గుడ్డ కప్పి, నీడన ఉంచి, పొద్దున సాయంత్రం నీళ్లు చిలకరించాలి. రెండోసారి వేసినవి బెత్తెడు ఎత్తు పెరిగాయి. ఆ మూకుడునే సుఫ్రా (ఇవన్నీ పరిచే గుడ్డ) మధ్యలో పెట్టాం, పెద్దమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాం.

ఆదివారం ఫార్సీ తరగతి పరీక్షల రోజుల్లో బాగా పల్చబడింది. నిలబెట్టింది మాత్రం ఒక చిన్న ఆట. తెలుగులో కలిసిపోయిన ఫార్సీ మాటలు వెతికి తెమ్మంటే పిల్లలు కాగితం, దరఖాస్తు, గుమాస్తా, నమూనా, సిఫారసు పట్టుకొచ్చారు. నవ్‌రోజ్‌లోని ‘రోజ్’, మనం పొద్దున లేస్తే అనే ‘రోజు’ ఒకటేనని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాల్సింది.

జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య ఆ 12 రోజుల యుద్ధం నడిచినప్పుడు తరగతులు ఆపేశాం. ఇరాన్‌లో ఇంటర్నెట్ ఆగిపోయింది, ఫోన్లు కలవలేదు. ఎవరికి ఏ కబురు అందినా రాత్రీ పగలూ చూడకుండా మిగతావాళ్లకు చేరవేశారు. ఆ టెన్షన్‌లో మన వీధివాళ్లు వచ్చి కూర్చున్నారు, అది మరిచిపోలేం.

అక్టోబర్‌లో పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికకు వెళ్లాం. 1591లో ఈ నగరానికి పథకం వేసిన మీర్ మోమిన్ అస్తరాబాదీ సమాధి అక్కడే ఉంది. ఆయన కాస్పియన్ తీరప్రాంతం నుంచి వలస వచ్చినవారే. మొహర్రం సంతాపం జరిపే బాద్‌షాహీ అషుర్‌ఖానాలో రంగు పలకల పనితనం కూడా చూశాం.

డిసెంబర్ 21న యల్దా. ఏడాదిలో అన్నిటికంటే పొడవైన రాత్రి. దానిమ్మ గింజలు, పుచ్చకాయ ముక్కలు, ఫార్సీ కవి హాఫిజ్ దీవాన్ (కవితల పుస్తకం) తెరిచి ఫాల్, అంటే శకునం చూడటం అన్నీ జరిగాయి. వచ్చిన గజల్‌కు అర్థం తెలుగులో చెప్పాం. చాయ్ మాత్రం ఇరాన్ పద్ధతిలోనే పోశాం: పాలు లేకుండా, చిన్న గాజు గ్లాసులో, పంటి కింద పంచదార బిళ్ల పెట్టుకుని. డికాక్షన్ దమ్ పెట్టి పాలు కలిపే ఇరానీ చాయ్ ఈ దేశంలో పుట్టిందేనని విని అతిథులు ఆశ్చర్యపోయారు. హోటల్ నడిపిన ఒక తాతగారు అప్పుడు బొగ్గు పొయ్యి రోజుల గురించి అరగంట మాట్లాడారు. ఆ మాటలు రికార్డు చేశాం. మిగతా పెద్దల మాటలు కూడా ఈ ఏడాదే రికార్డు చేయాలి, ఆలస్యం చేయకూడదు.

ఆడిట్ అయిన లెక్కలు ఆఫీసులో చూసుకోవచ్చు.

2026లో ఉగాది మార్చి 19న. నవ్‌రోజ్ మర్నాడు రాత్రి 8 గంటల 15 నిమిషాలకు. రంజాన్ పండుగ కూడా ఆ చుట్టుపక్కలే. మూడింటికీ కలిపి ఒకే సుఫ్రా పరుద్దాం. సబ్జె పెంచేవాళ్లు మార్చి 8కల్లా గోధుమలు నానబెట్టండి. మట్టి మూకుళ్లు ఆఫీసులో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున