టైము రాయి తల్లీ

చిన్నీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వినగానే అర్థమైంది, అన్నం తినలేదని. "అమ్మా, మా పసిపిల్లల వార్డులో ఒక బాబేమో బాగోలేడు, ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే సీఆర్పీ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది, ఏది నమ్మాలి?" అన్నావు. నాకు తోచిన రెండు మాటలు చెప్పి పెట్టేశాను గానీ తర్వాత నిద్ర పట్టలేదు. 28 ఏళ్లు ల్యాబ్‌లో చేశాను, ఈ మాట నీకు ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. అది నీ సంగతే.

నువ్వు పుట్టిన మూడో రోజు సాయంత్రం పాలు తాగడం మానేశావు. అరికాళ్లు చల్లబడ్డాయి. మీ అమ్మమ్మ ఒళ్లోకి తీసుకుని "పిల్ల వాడిపోయిందే" అంది. డాక్టరు గారు రక్తం తీయించారు. నేను పచ్చి బాలింతను, అయినా మంచం మీద ఉండలేక ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోకి వెళ్లి నిలబడ్డాను. అప్పట్లో సీఆర్పీ అంటే స్లైడు మీదే. నల్ల స్లైడు మీద రక్తం నుంచి వేరుచేసిన సీరం ఒక చుక్క, పరీక్షకు వాడే లేటెక్స్ ద్రవం ఒక చుక్క వేసి పుల్లతో కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ వంచుతూ చూడాలి. సీఆర్పీ ఉంటే పాలు విరిగినట్టు తెల్లటి రవ్వలు తేలతాయి. లేకపోతే నున్నగా పాలలాగే ఉంటుంది.

నీది విరగలేదు. నేను పరుగున వచ్చి, పిల్లకేం లేదని మీ నాన్నకు చెప్పాను. డాక్టరు గారు మాత్రం రిపోర్టు పక్కన పెట్టి నిన్నే చూశారు. రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే కల్చర్‌కు ఇంకాస్త రక్తం తీయించి, అప్పటికప్పుడే యాంపిసిలిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టించారు. నాకు కోపం కూడా వచ్చింది, రిపోర్టు బాగుంటే సూదులెందుకని. ఆ రాత్రి నువ్వు రెండుసార్లు ఊపిరి ఆపేశావు. పొద్దున అదే స్లైడు మీద చూస్తే పాలు విరిగిపోయాయి.

స్లైడు తప్పు చెప్పలేదు చిన్నీ. మేమే తొందరపడి అడిగాం. సీఆర్పీ సూక్ష్మజీవి నుంచి వచ్చేది కాదు, కాలేయం తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఇన్ఫెక్షన్ మొదలయ్యాక ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థం ముందు పెరిగి కాలేయానికి కబురు పంపాలి, ఆ తర్వాత ఇది తయారై రక్తంలో మనకు కనిపించాలి. దానికి పది, పన్నెండు గంటలు పట్టొచ్చు. బాగా పెరగడానికి ఒకటిన్నర రోజు, రెండు రోజులు. నీ రక్తం తీసింది మొదటి గంటల్లో. అందుకే ఒళ్లు బాగోలేని బిడ్డకు మొదటి సీఆర్పీ తక్కువ వచ్చిందంటే ధైర్యం తెచ్చుకోకూడదు. 24 గంటల తేడాతో రెండోది కూడా తక్కువే వచ్చి, కల్చర్‌లో ఏమీ పెరగక, బిడ్డ పాలు తాగుతూ హుషారుగా ఉంటే, అప్పుడు అది మందు ఆపడానికి ధైర్యమిస్తుంది. నా లెక్కలో సీఆర్పీ బాగా పనికొచ్చేది అక్కడే. ఎక్కువ వచ్చినా కంగారు పడకు. కాన్పు నొప్పులు చాలాసేపు సాగినా, ఉమ్మనీటిలోని మలం ఊపిరితిత్తుల్లోకి పోయినా అది పెరుగుతుంది.

మీ దగ్గర ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష కూడా ఉందన్నావు. 1993లో పారిస్ డాక్టర్లు పిల్లల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కు గుర్తుగా చూపించింది అదే. సీఆర్పీ కంటే ముందే, నాలుగైదు గంటల్లోనే లేస్తుంది. కానీ పుట్టిన మొదటి రెండు రోజులు ఏ జబ్బూ లేని బిడ్డలోనూ అది దానంతట అదే పెరిగి తగ్గుతుంది. పెద్దవాళ్లలో ఎంఎల్‌కు 0.5 నానోగ్రాములు దాటితే అనుమానిస్తారు కదా, ఒక రోజు బిడ్డ ఆరోగ్యంగా ఉన్నా దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. కాబట్టి బిడ్డ వయసు గంటల్లో తెలియకుండా ఆ అంకెను చదవలేం. అలా గంటల లెక్క కట్టి నాలుగు దేశాల్లో 1,710 మంది పసిపిల్లల మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. యాంటీబయాటిక్ వాడకం సగటున 65 గంటల నుంచి 55కి తగ్గింది. పది గంటలేగా అనుకోకు. అవసరం లేకుండా వాడినకొద్దీ సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయి. 2011 నుంచి 2014 వరకు ఢిల్లీలోని మూడు ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల కల్చర్లు చూస్తే, అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియాలో 82 శాతం చాలా మందులకు లొంగనిదే. ఆ లెక్క చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు.

నేను కూర్చున్న బల్ల మీదకు రోజూ వచ్చిన ఫారాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు, కింద సీఆర్పీకి టిక్కు. శాంపిల్ తీసిన టైము దగ్గర ఖాళీ. పుట్టి ఎన్ని గంటలైందో ఉండదు, పాలు ఎప్పుడు మానిందో ఉండదు. మేం అంకె వేసి పంపేవాళ్లం, వార్డులో మీలాంటివాళ్లు దాన్ని చూసి టెన్షన్ పడేవాళ్లు. నువ్వు మాత్రం ఆ గడి నింపు తల్లీ. ఎంత రద్దీగా ఉన్నా, అర్ధరాత్రి అయినా నింపు.

ఇంకొకటి. కల్చర్‌కు రక్తం మందు వేయకముందే, కనీసం ఒక ఎంఎల్ తియ్యి. కిలోన్నర బిడ్డ ఒంట్లో మొత్తం ఉండేదే 120 ఎంఎల్, చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ నాలుగు చుక్కలు పంపితే ఉన్న సూక్ష్మజీవి కూడా దొరక్కపోవచ్చు, మళ్లీ గుచ్చాల్సి వస్తుంది.

ఆ బాబుకు మందు మొదలుపెట్టారన్నావు, మంచిదైంది. ఎప్పుడు ఆపాలో మీ మేడమ్ చూసుకుంటారు. రెండో సీఆర్పీ ఎన్నింటికి తీశావో, ఎంత వచ్చిందో, వాడు పాలు తాగుతున్నాడో లేదో రేపు రౌండ్స్ అయ్యాక నాకు మెసేజ్ పెట్టు. ఏదైనా తిన్నాకే పెట్టు.

అమ్మ