వార్షిక నివేదిక: విశ్వాసం, సంశయం, మతపీడన చిత్రించిన చారిత్రక చలనచిత్రాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఆమోదించిన తీర్మానం మేరకు, కడపలోని మన చలనచిత్ర సంఘం ఈ ఏడాది ప్రదర్శనలన్నింటినీ ఒకే అంశానికి కేటాయించింది. నమ్మినదాని కోసం మనిషి ఎంతవరకు నిలబడతాడు, ఆ నమ్మకాన్ని విడిపించడానికి అధికారం ఏయే మార్గాలు తొక్కుతుంది అన్నవి చారిత్రక చిత్రాల ద్వారా పరిశీలించాలన్నది కార్యవర్గం సంకల్పం. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించుకునే ఊరు మనది. పెద్ద దర్గాకు అన్ని మతాలవారూ వెళ్లే ఊరు మనది. ఇటువంటి చోట ఈ అంశాన్ని మొహమాటం లేకుండా, గౌరవంగా మాట్లాడుకోగలమన్న ధైర్యంతోనే ఈ పనికి పూనుకున్నాం.

మొదట 1984 నాటి ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ను, ఆ తర్వాత 1997 నాటి ‘అన్నమయ్య’ను ప్రదర్శించాం. బ్రహ్మంగారి శిష్యుడైన దూదేకుల సిద్ధయ్యను నవాబు నిలదీయగా, ఆయన చేసిన వందనానికి బండ పగిలిందని మన జిల్లాలో తరతరాలుగా చెప్పుకుంటారు. సాళువ నరసింగరాయలు చెరలో వేయించిన అన్నమాచార్యులకు సంకెళ్లు వాటంతటవే ఊడిపడ్డాయని ఆయన మనుమడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. రెండు కథల్లోనూ పీడించేవాడి ఎదుట దైవం పలుకుతుంది. మరి పలకకపోతే? ఈ ప్రశ్నే మిగిలిన ప్రదర్శనలకు దారి చూపింది.

మార్టిన్ స్కోర్సెసీ తీసిన ‘సైలెన్స్’ (2016) షుసాకు ఎండో 1966లో రాసిన నవల ఆధారంగా వచ్చిన చిత్రం. క్రైస్తవం నిషిద్ధమైన 17వ శతాబ్దపు జపానులో, అనుమానితుల ముందు క్రీస్తు ప్రతిమ చెక్కిన పలకను పెట్టి, దానిపై కాలు మోపమని అధికారులు ఆజ్ఞాపించేవారు. మోపినవాడు బతుకుతాడు, మోపనివాడికి చిత్రహింస తప్పదు. పోర్చుగీసు పాద్రీ రోడ్రిగ్స్‌కు పెట్టిన పరీక్ష ఇంకా క్రూరమైనది. అతడు ఆ పలకను తొక్కేదాకా, గోతిలో తలకిందులుగా వేలాడదీసిన రైతులకు విముక్తి లేదు. తన ప్రాణమైతే ఇచ్చేసేవాడే, కాని ఇతరుల ప్రాణాలను తన విశ్వాసానికి మూల్యంగా పెట్టవచ్చునా? ఆ రాత్రి చర్చ చాలాసేపు సాగింది. చివరికి పలకను తొక్కి అతడు పతితుడయ్యాడని కొందరు సభ్యులు, అదే అసలైన భక్తి అని కొందరు గట్టిగా వాదించారు. పదేపదే పలకను తొక్కి, పదేపదే పాపక్షమాపణ కోసం తిరిగివచ్చే జపానీయుడు కిచిజిరో గురించి మాత్రం తక్కువగా మాట్లాడుకున్నాం. బలహీనుడికి భక్తిలో చోటుందా అన్న ప్రశ్న అతనిదే కనుక, నా దృష్టిలో చిత్రానికి ప్రాణం అతడే.

కార్ల్ డ్రేయర్ 1928లో తీసిన ‘ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ మూకీ చిత్రం కావడంతో, తెరపై అక్షరాలు కనిపించినప్పుడల్లా ఉపాధ్యాయురాలైన ఒక సభ్యురాలు వాటిని తెలుగులో చదివి వినిపించారు. దైవవాణి వినిపించిందని చెప్పి ఫ్రాన్స్ సేనను నడిపిన జోన్‌పై, మతద్రోహం ఆరోపణతో 1431లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో జరిగిన విచారణ పత్రాలే ఈ చిత్రానికి ఆధారం. దైవానుగ్రహం నీకుందా అని న్యాయాధికారులు అడుగుతారు. ఉందంటే అహంకారం, లేదంటే నేరాంగీకారం. లేకపోతే దేవుడు ప్రసాదించుగాక, ఉంటే నిలుపుగాక అని చదువురాని ఆ పల్లెపడుచు బదులిచ్చినప్పుడు కెమెరా, జోన్‌గా నటించిన ఫాల్కొనెట్టి ముఖం మీదే నిలిచి ఉంటుంది. తర్వాత భయంతో, తన నమ్మకాన్ని వదులుకుంటున్నట్టు రాసిన పత్రంపై సంతకం చేసి, ఆ సంతకాన్ని తానే కాదని చితికి వెళ్లే సన్నివేశాల్లో సంశయం, విశ్వాసం ఒకే ముఖంలో కనిపిస్తాయి. ఆమెను కాల్చిన తీర్పును 1456లో రద్దు చేశారు, 1920లో చర్చి ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. పీడించిన వ్యవస్థే తర్వాత పూజించిందన్న ఈ వాస్తవం మీద మరొక సమావేశం జరపాలని పలువురు కోరారు, కార్యవర్గం అంగీకరించింది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతపరిచాం. సభ్యత్వ రుసుములో మార్పు లేదు.

వచ్చే ఏడాదికి రెండు చిత్రాలను ప్రతిపాదిస్తున్నాం. ఒకటి, మంత్రగత్తెలన్న నెపంతో స్త్రీలను కాల్చిన కాలాన్ని చూపే డ్రేయర్ చిత్రం ‘డే ఆఫ్ రాత్’ (1943). రెండవది, తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకత్వంలో నాగయ్య నటించిన ‘యోగి వేమన’ (1947). విగ్రహారాధననూ ఆచారాలనూ సూటిగా ప్రశ్నించిన కవి మన సీమవాడే అయినప్పుడు, సంశయాన్ని బయటినుంచి వచ్చిన వస్తువుగా చూడనక్కరలేదని కార్యవర్గం అభిప్రాయం. ఈ రెండింటిపై సభ్యులు తమ సూచనలను సర్వసభ్య సమావేశానికి ముందే లిఖితపూర్వకంగా కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాం.