మీటర్ పెట్టెలో తేనెపట్టుకు మంట పెట్టొద్దు

అయ్యా,

మీటర్ పెట్టెలోనో గోడ సందులోనో తేనెటీగలు చేరగానే కిరోసిన్ గుడ్డ వెలిగించడం మనవాళ్లు ఇంకా మానలేదు. అలాంటి చీకటి సందుల్లో ఎక్కువగా చేరేది తొర్ర తేనెటీగ. దాన్ని చంపక్కర్లేదు, తేనెటీగలు పెంచే చెక్కపెట్టెలోకి మార్చుకోవచ్చు.

ముందు లైన్‌మన్‌తో కరెంటు తీయించాలి. ముఖానికి వల కట్టుకుని, పొద్దు వాలుతుండగా మొదలుపెట్టి, పొగ కొద్దిగానే ఊదాలి. ఎక్కువైతే ఈగలన్నీ లేచిపోతాయి. పట్లను ఒక్కొక్కటే కోసి, పిల్ల (గుడ్లు, పురుగులు) ఉన్నవాటిని అరటినారతో పెట్టెలోని చట్రాలకు కట్టాలి. పైఅంచు పైకే ఉండాలి. తేనె నిండిన ముక్కలు కట్టొద్దు, బరువుకు తెగిపడితే కింద రాణి నలిగిపోతుంది. రాణి పెట్టెలో చేరితే మిగతావి వాటంతటవే వెళ్తాయి.

చీకటి పడ్డాక ద్వారం మూసి 2-3 కిలోమీటర్లు దాటించాలి. పక్క పెరట్లోనే పెడితే మేతకెళ్లిన ఈగలు పాత చోటికే పోతాయి. 3-4 రోజులు ద్వారానికి రాణి గేటు (రాణి బయటికి పోకుండా, మిగతా ఈగలు మాత్రం తిరిగేలా ఉండే జల్లి) ఉంచి, పంచదార, నీళ్లు సమంగా కలిపి పెట్టాలి. స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు తప్పనిసరి. చీమలు పడితే ఈ జాతి పెట్టె వదిలేసి పోతుంది. పాత సందులో మైనం గీకి మూసెయ్యాలి, లేదంటే ఆ వాసనకు ఇంకో గుంపు వస్తుంది.

వాటర్ ట్యాంకుల కింద ఒకే పెద్ద పట్టుగా వేలాడే కొండ తేనెటీగ సంగతి వేరు. అది పెట్టెలో ఇమడదు. వలస పోయేదాకా అటు జనం వెళ్లకుండా తాడు కట్టాలి. ఆగే వీల్లేకపోతే శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాలి. మున్సిపాలిటీలు అలాంటివారి ఫోన్ నంబర్లు వార్డు సచివాలయాల్లో అంటించాలి.

- ఒక తేనెటీగల పెంపకందారు, అరకు లోయ