శనివారం పాస్తా బాక్సు ఆపేస్తున్నాం, ఇంట్లో వండుకునే పద్ధతి ఇదిగో

మన కర్రీ పాయింట్‌కి వచ్చే అందరికీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను. ఈ శనివారం తర్వాత పాస్తా ఫ్యామిలీ బాక్సు ఉండదు. కూరలు, పప్పు, సాంబారు, రోటిపచ్చళ్లు ఎప్పట్లాగే ఉంటాయి. పాస్తా ఒక్కటే ఆపుతున్నాం. ఆపడానికి కారణంలో మా తప్పు కూడా ఉంది, అది కూడా ఇక్కడే చెప్తాను.

ఈ బాక్సు మొదలైంది పిల్లల వల్ల. సాయంత్రం ట్యూషన్ అయ్యాక అమ్మతో పాటు కొట్టు దగ్గరికి వచ్చే పిల్లలు బెండకాయ వేపుడు చూసి మూతి ముడుచుకోవడం రోజూ చూసేదాన్ని. ఇద్దరు ముగ్గురు తల్లులు, "వారానికొకసారి పాస్తా చేయకూడదా అక్కా, బయట కొంటే మనిషికి రెండొందలు అవుతోంది" అన్నారు. సరే అని నలుగురికి సరిపడా బాక్సు 280 రూపాయలకి పెట్టాం. మొదటి శనివారం 14 బాక్సులు పోయాయి. రెండో నెలకి 35 దాకా వెళ్లింది. మావారు బండి మీద విజయవాడ పటమట నుంచి బెంజ్ సర్కిల్ అవతల దాకా ఇచ్చి వచ్చేవారు.

అమ్మకం బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా దాన్ని ఇంటికి చేర్చడంలోనే.

పొయ్యి మీద నుంచి దింపినప్పుడు జారుగా, నిగనిగలాడుతూ ఉండేది. డబ్బాలో పెట్టి, మూత వేసి, ట్రాఫిక్‌లో అరగంట తిరిగి, మీరు కంచాల్లో పెట్టుకునే వేళకి ముద్దయిపోయేది. ఒకాయన బాక్సు వెనక్కి తెచ్చి, మూత తీసి, మా బల్ల మీదే బోర్లించి చూపించారు. డబ్బా ఆకారంలో గట్టిగా నిలబడింది. ఇడ్లీ అయినా కాస్త తడబడుతుంది. ఆయన కోప్పడలేదు కూడా, "చూడమ్మా" అన్నారు అంతే. అదే ఎక్కువ సిగ్గనిపించింది.

దీని సంగతి మా అత్తగారు మొదటి రోజే చెప్పారు. "రవ్వని గొట్టాలు చేసి మళ్లీ ఉప్మా వండుతున్నావా?" అని. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆవిడ అన్నదే నిజం. పాస్తా అంటే గట్టి గోధుమ రవ్వని నీళ్లతో కలిపి, అచ్చుల్లోంచి తీసి ఆరబెట్టినదే. ఉప్మా వేడిగా ఉన్నప్పుడు గరిటె జారుతుంది, చల్లారాక కత్తితో కోయొచ్చు. ఇదీ అంతే. ఉడికేటప్పుడు పిండి పదార్థం నీళ్లు తాగి ఉబ్బుతుంది, చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. ఈలోపు చుట్టూ ఉన్న గ్రేవీని కూడా పీల్చేసుకుంటుంది. పులిహోర అయితే కలిపాక ఊరేకొద్దీ బాగుంటుంది. పాస్తా అలా ఆగే వంట కాదు. కర్రీ పాయింట్ పెట్టిన మాకు ఏది ఆగుతుందో ఏది ఆగదో ముందే తెలిసి ఉండాల్సింది.

తెలియక చేసింది ఒకటి. తెలిసి చేసినవి రెండు.

మొదటిది, ముద్ద అవకుండా ఉండాలని నూనె, క్రీము పెంచుకుంటూ పోయాను. తినేటప్పుడు రుచిగానే ఉండి ఉంటుంది గానీ, పిల్లల కోసం అని కొనుక్కునేవాళ్లకి అంత నూనె పెట్టకూడదు. రెండోది ఇంకా పెద్దది. దసరా తర్వాత రెండు వారాలు మేం తెచ్చే చోట సూజీ పాస్తా, అంటే రవ్వతో చేసిన రకం, దొరకలేదు. శనివారం ఆర్డర్లు ముందే తీసేసుకున్నాం. మైదాతో చేసిన రకం తెచ్చి వండేశాను. బోర్డు మీద మాత్రం "సూజీ పాస్తా" అనే ఉంది. చెరిపి రాయడానికి నిమిషం పట్టేది, రాయలేదు. మైదా రకం తొందరగా మెత్తబడి పేస్టులా అవుతుంది. ఆ రెండు వారాల్లోనే ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయంటే కారణం అదే. ఆ రెండు శనివారాలు బాక్సు తీసుకున్నవాళ్లందరి లెక్కా పుస్తకంలో ఉంది. ఒక్కొక్కరికి అరకిలో సూజీ పాస్తా ప్యాకెట్ ఊరికే ఇస్తాం. వచ్చి అడగండి, మొహమాటపడకండి.

ఇక డబ్బు లెక్క. ఇది కూడా దాచను. ఒక్కో బాక్సుకి సరుకులు 115, డబ్బా, సంచి 18, గ్యాస్ 12, పనమ్మాయి జీతం, అద్దెలో దీని వాటా 55, పెట్రోలు 20. మొత్తం 220. మాకు మిగిలేది 60. వారానికి 35 బాక్సులంటే 2,100. అందులో నాలుగు బాక్సులు వెనక్కి వస్తే 1,120 తిరిగి ఇచ్చేయాలి. సగానికి పైగా అక్కడే పోయింది. ధర పెంచితే నిలబడొచ్చని మావారు అన్నారు. కానీ ఇంట్లో నూటపాతికకి అయ్యే వంటని మూడువందల యాభైకి, అదీ ముద్ద చేసి అమ్మడానికి నాకు నోరు రాలేదు.

నూటపాతిక అన్నది గాల్లో లెక్క కాదు. మొన్న బుధవారం మా ఇంట్లో నలుగురికి వండుతూ రాసుకున్నాను. 400 గ్రాముల సూజీ పాస్తా 52, అరకిలో టమాటా 18, రెండు ఉల్లిపాయలు 8, ఒక క్యాప్సికం 12, క్యారెట్, నాలుగు బీన్స్ 10, వెల్లుల్లి 5, నూనె 5, పావులీటరు పాలు 15. టమాటా, కూరగాయలు పటమట రైతుబజారులో కొన్నవి. 2023 జులైలోలా టమాటా కిలో నూటయాభై దాటితే ఈ లెక్క మారిపోతుంది, అప్పుడు పాస్తా మానేసి పెరుగన్నం తినండి.

ఒకటే గిన్నెలో ఎలా వండాలో చెప్తాను. ఇటలీ పద్ధతిలో 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు మరిగించి, ఉడికాక వార్చేస్తారు. మన 400 గ్రాములకి నాలుగు లీటర్లు మరగాలి. అంత నీళ్లు మరగబెట్టి పారబోయడం అంటే గ్యాస్ పారబోయడమే. పైగా ఆ నీళ్లతో పాటు పాస్తాలోంచి వచ్చిన పిండి కూడా పోతుంది. గ్రేవీ చిక్కబడేది ఆ పిండితోనే. అది గిన్నెలోనే ఉంటే క్రీము అక్కర్లేదు. అక్కడివాళ్లకీ ఈ కిటుకు తెలుసు, కొలిచిన నీళ్లలోనే పాస్తా ఉడికించడాన్ని రిసొట్టాటా అంటారు. మనం గంజి వార్చకుండా ఎసరు కొలిచి అన్నం వండడం లాంటిదే.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. రెండు చెంచాల నూనెలో ఎనిమిది వెల్లుల్లి రేకలు చితక్కొట్టి వేయండి. ఒక ఎండుమిర్చి గింజలు తీసి తుంచి వేయండి. గుంటూరు మిర్చి పాస్తాలో ఏంటి అనుకోవద్దు, ఇటలీలో కూడా వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చితోనే ఒక పాస్తా చేసుకుంటారు. ఉల్లిపాయలు మెత్తబడ్డాక సన్నగా తరిగిన టమాటాలు, ఒకటిన్నర టీస్పూను ఉప్పు వేసి మూత పెట్టండి. ఉప్పు విషయంలో జాగ్రత్త. వార్చే నీళ్లు ఉండవు కాబట్టి వేసిందంతా తినేదే. మా పనమ్మాయి మొదటిసారి రెండు గరిటెలు వేసింది, ఆ గిన్నె ఎవరికీ అమ్మలేదు.

టమాటా గుజ్జయ్యాక క్యారెట్, బీన్స్ వేసి, పావులీటరు పట్టే గ్లాసుతో మూడున్నర గ్లాసుల నీళ్లు పోయండి. తెర్లాక పాస్తా వేయండి. గొట్టాలు నీళ్లలో దాదాపు మునగాలి, పైకి అక్కడక్కడా కనపడితే పర్వాలేదు. సెగ మధ్యస్థంగా పెట్టి రెండు నిమిషాలకోసారి అడుగు నుంచి కలపండి. ఈ ఒక్క పనీ బద్ధకిస్తే అడుగంటుతుంది. ప్యాకెట్ మీద పది నిమిషాలని ఉంటుంది. టమాటా గ్రేవీలో దానికంటే మూడు నాలుగు నిమిషాలు ఎక్కువే పడుతుంది. చింతపండు ముందే వేస్తే పప్పు ఉడకడానికి ఎలా మొరాయిస్తుందో గుర్తుందిగా, కొంచెం అలాంటిదే. క్యాప్సికం చివరి మూడు నిమిషాల్లో వేయండి.

ఒక గొట్టం కొరికి చూడండి. లోపల రవ్వంత పలుకు ఉండగానే సిమ్‌లో పెట్టి గ్లాసు పాలు పోసి, రెండు తిప్పులు తిప్పి దింపేయండి. పాలు పోశాక పెద్ద సెగ మీద మరిగిస్తే టమాటా పులుపుకి విరిగిపోతాయి. దింపేటప్పుడు "అయ్యో, పల్చగా ఉందే" అనిపించాలి. కంచంలోకి వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది. దింపేటప్పుడే సరిగ్గా ఉందనిపించిందంటే తినేసరికి మా శనివారం బాక్సే!

కుక్కర్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడిగారు. నేను పెట్టను. పాస్తా ఉడికేటప్పుడు బాగా నురగ పొంగుతుంది, అది వెయిట్ కింది రంధ్రానికి అడ్డం పడొచ్చు. పెట్టక తప్పదంటే కుక్కర్ సగానికి మించకుండా చూసుకుని, చెంచా నూనె వేసి, ఒక్క కూత రాగానే కట్టేయండి.

వాసన కోసం బయట చిన్న సీసాలో అమ్మే ఎండు ఆకులు కొనక్కర్లేదు. మీ బాల్కనీ కుండీలో వాము ఆకు ఉంటే మూడు ఆకులు సన్నగా తరిగి చివర్లో వేయండి. పిజ్జాల మీద చల్లే ఒరెగానోకి దగ్గర వాసన వస్తుంది. మూడంటే మూడే, ఎక్కువైతే కషాయంలా ఉంటుంది. చీజ్ మీ ఇష్టం. రెండు క్యూబులు తురిమితే ఇంకో ముప్పై రూపాయలు. మా పిల్లాడు చీజ్ లేకపోతే ముట్టడు, వాడి కంచంలోకి మాత్రం వేస్తాను.

మిగిలితే ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు కొంచెం పాలో వేడినీళ్లో చల్లి చిన్న సెగ మీద కలిపితే మళ్లీ విడిపోతుంది.

ఇకనుంచి మేం అమ్మేది వండిన పాస్తా కాదు, వంటసామాను సంచి. 400 గ్రాముల సూజీ పాస్తా, తొక్క తీసిన వెల్లుల్లి, తరిగిన క్యారెట్, బీన్స్, క్యాప్సికం ఉంటాయి. ధర 95. టమాటా, ఉల్లి, పాలు మీ ఇంట్లోవే. తరిగిన కూరగాయలు ఉంటాయి కాబట్టి ఆ రోజే వండేసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి పాస్తా మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. మేం మాత్రం బాక్సు ధర తగ్గించలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సంచి ధర కొత్త పన్ను ప్రకారమే వేశాను. ఇక పాస్తా ప్యాకెట్ సీలు విప్పకుండానే సంచిలో పెడతాం, ఏ పిండితో చేశారో వెనక మీరే చదువుకోవచ్చు. మైదా అని ఉంటే తీసుకోకండి, మా దగ్గరైనా సరే.

ఆఖరి బాక్సులు ఈ శనివారం 20 మాత్రమే. డెలివరీ లేదు, సాయంత్రం ఏడున్నరకి దింపుతాం. స్టీలు గిన్నె తెచ్చుకున్నవాళ్లకి డబ్బా ఖర్చు 18 తగ్గిస్తాం. నడిచి పది నిమిషాల్లో ఇల్లు చేరేవాళ్లే తీసుకోండి. బెంజ్ సర్కిల్ అవతలి నుంచి వచ్చేవాళ్లకి గోంగూర పప్పు పెట్టి ఉంచుతాను.