పోచంపల్లి చీరకు జీఐ ట్యాగ్ ఉంది, నకిలీని ఆపేదెవరు?

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ పేరు మా ప్రాంతపు సరుకుకే చెల్లుతుందనే హక్కు, వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. దేశంలో తొలినాళ్ళలోనే ఆ గుర్తింపు అందుకున్న వాటిలో మాది ఒకటి. అప్పుడు ఎంత సంతోషపడ్డామో, ఇప్పుడు అంత బాధగా ఉంది. మగ్గం ముఖం చూడని ప్రింటు చీరలు మా ఊరి పేరు పెట్టుకుని దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దర్జాగా అమ్ముడుపోతున్నాయి. హక్కు కాగితం మా దగ్గర ఉంది. దాన్ని అమలు చేసే దారి మాత్రం మూసుకుపోయి ఉంది. అది ఎక్కడ మూసుకుపోయిందో చెప్పడానికే మీకు ఈ ఉత్తరం.

ముందు ఆ చీర ఎలా పుడుతుందో కాస్త చెప్పనివ్వండి. ఇకత్‌లో బట్ట నేశాక రంగు వేయరు, నూలుకే ముందుగా వేస్తారు. ఆసు పోసి, అంటే మేకుల చుట్టూ నూలు చుట్టి, డిజైను ప్రకారం దారాల్ని విడదీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పుతారు. ఇంకో రంగు కావాలంటే మళ్ళీ మొదటి నుంచీ కట్టాలి. ఈ కట్టే పనినే మేం చిటికి అంటాం. ఒక్క ఆసు పోయడానికే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు. మీ ప్రభుత్వమే 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

ఇంత చాకిరీ చేస్తే వచ్చే చీరను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. తిరగేసి చూడండి. రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు అంచుల దగ్గర రంగు సన్నగా చెదిరి ఉంటుంది. నకిలీలో అంచులు గీత గీసినట్టు ఉంటాయి, వెనక వైపు వెలవెలబోతుంది. పట్టుకోవడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, పట్టుకునే మనిషి కావాలి.

చట్టం లేదని నేను అనడం లేదు. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. తప్పుడు గుర్తింపుతో సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. వారెంటు లేకుండానే డీఎస్పీ స్థాయి అధికారి సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. వినడానికి ఎంతో గట్టిగా ఉంది. కానీ అదే 50వ సెక్షన్‌లో ఒక షరతు ఉంది. సోదాకు వెళ్ళే ముందు ఆ అధికారి జీఐలను నమోదు చేసే రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి, దానికి కట్టుబడాలి.

పోలీసులు చిన్న వ్యాపారుల్ని ఊరికే వేధించకుండా ఈ షరతు పెట్టి ఉంటారు. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. అయితే ఆ అభిప్రాయం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో సెక్షన్‌లో లేదు. ఆ రిజిస్ట్రార్ కార్యాలయం, జీఐ రిజిస్ట్రీ, ఉన్నది చెన్నైలో. భువనగిరి నుంచి ఒక డీఎస్పీ అక్కడికి ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, గోడౌన్‌లో సరుకు ఆయన కోసం కూర్చుంటుందా? పండగల సీజన్‌లో అయితే వారం తిరిగేసరికి ఖాళీ. ఆ తర్వాత సోదాకు వెళ్ళి ఏం లాభం? ఈ బాధ పడలేకే చాలా చోట్ల పోలీసులు అసలు కేసు జోలికే పోరు. ఫిర్యాదు పట్టుకుని వెళ్ళిన మావాళ్ళకు ఒక స్టేషన్‌లో "ఇది సివిల్ గొడవ, కోర్టుకు పొండి" అన్న మాటే ఎదురైంది. చట్టం దాన్ని నేరం అంటోంది, స్టేషన్‌లో గొడవ అంటున్నారు.

ప్రభుత్వం తలచుకుంటే ఎంత వేగంగా కదలగలదో సినిమా విషయంలో చూశాం. పైరసీని అరికట్టడానికి తెలంగాణలో 2016లోనే పోలీసుల్లో ప్రత్యేక విభాగం పెట్టారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. అదే ఏడాది సమాచార ప్రసార శాఖ ఫిర్యాదులు తీసుకునే నోడల్ అధికారుల్ని వేసి, పైరసీ లింకుల్ని 48 గంటల్లో తీసేయించే ఏర్పాటు చేసింది. మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. సినిమా వెనక వేలమంది కష్టం ఉంటుంది. మరి చీర వెనక ఉన్నది కూడా కష్టమే కదా సార్! విదేశాల నుంచి వచ్చే నకిలీ సరుకును ఆపడానికి కస్టమ్స్‌కు 2007 నుంచీ నియమాలున్నాయి, వాటిలో జీఐ కూడా ఉంది. దేశంలోనే తయారై దేశంలోనే అమ్ముడయ్యే నకిలీకే అడ్డు లేదు.

ఇంకో సంగతి. 2025లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా, జీఐ ఉన్న కొల్హాపురీ లాంటి చెప్పుల్ని ప్రదర్శించినప్పుడు కొందరు బాంబే హైకోర్టుకు వెళ్ళారు. కేసు వేసే హక్కు ఆ జీఐ ఎవరి పేరున నమోదైందో ఆ రిజిస్టర్డ్ యజమానులదని చెప్పి కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. చట్టప్రకారం యజమానులతో పాటు ఆథరైజ్డ్ యూజర్లు, అంటే ఆ పేరు వాడుకోవడానికి నమోదైన ఉత్పత్తిదారులు, కూడా కేసు వేయవచ్చు. మరి నేసేవాళ్ళలో ఎంతమందికి ఆ నమోదు ఉంది? మా వీధుల్లో మగ్గం మీద కూర్చున్న చాలామందికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. 2020లో దాని ఫీజును పది రూపాయలకు తగ్గించారు, అందుకు కృతజ్ఞతలు. కానీ ఫారం, రుజువులు అంటూ తిరగడానికి రోజు కూలీ పోగొట్టుకునే స్థితిలో వాళ్ళు లేరు. నమోదు చేసే మనిషే మగ్గాల దగ్గరికి రావాలి. చేనేత సహాయ సంచాలకుల కార్యాలయాలున్నాయి, ఆ పని వాటికి అప్పగించవచ్చు.

అన్నిటికన్నా ముందు కావలసింది మాత్రం గడువు. 50వ సెక్షన్‌ను మార్చాలంటే పార్లమెంటుకు వెళ్ళాలి, దానికి కాలం పడుతుంది. కానీ రిజిస్ట్రార్ పనిచేసేది మీ శాఖ కిందే. పోలీసు అధికారి ఫొటోలతో ఆన్‌లైన్‌లో అడిగితే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలని మీరు ఒక ఆదేశం ఇస్తే చాలు. ఆ ఆదేశం ప్రతి రాష్ట్రంలో డీఎస్పీలకు చేరేలా చూడండి. జీఐ పేరుతో అమ్మేవాళ్ళు ఆథరైజ్డ్ యూజర్ నంబరు చూపించేలా ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలతోనూ మాట్లాడండి. వచ్చే పండగల సీజన్ మొదలయ్యేలోపు ఇందులో మొదటిదైనా జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
పోచంపల్లి చేనేత కుటుంబంలో పుట్టిన ఒక పౌరురాలు