గేర్ బాక్స్ ఒక్కటి మారిస్తే అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ మోటార్ పేజీలో ఆటోమేటిక్ ఎస్‌యూవీని మాన్యువల్‌గా మార్చుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. రాసినాయనకి ఉత్సాహం ఉంది, కాదనను, కానీ పాత గేర్ బాక్స్ దించి కొత్తది ఎక్కించి క్లచ్ పెడల్ పెట్టేస్తే పనైపోయినట్టే రాసేశారు, అది నమ్మి ఎవరైనా ఉన్న బండిని స్టాండ్ల మీదకి ఎక్కిస్తే మళ్లీ ఎప్పుడు దిగుతుందో చెప్పలేం, అందుకే ఈ ఉత్తరం.

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో గేర్ బాక్సే తేలిక. అసలు తంటా అంతా దాని చుట్టూ ఉన్న చిల్లర సామానుతోనే. ఆటోమేటిక్‌లో ఇంజిన్ వెనక ఫ్లెక్స్ ప్లేట్ అని పల్చటి రేకు ఉంటుంది, ఆటోమేటిక్‌లో క్లచ్‌కి బదులు ఆయిల్‌తో పనిచేసే టార్క్ కన్వర్టర్‌ని దానికి బిగిస్తారు. అది తీసేసి క్లచ్ ఆనే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ పెట్టాలి, దాని బోల్టులు వేరే, పాతవే వాడదాం అంటే కుదరదు. తర్వాత క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, ఈ మూడూ క్లచ్ సామానే. ఇక అందరూ మర్చిపోయేది పైలట్ బేరింగ్. క్రాంక్ షాఫ్ట్ చివర రంధ్రంలో కూర్చునే చిన్న ముక్క అది, గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస దాంట్లోనే తిరుగుతుంది. ఆటోమేటిక్‌కి దాంతో పని లేదు కాబట్టి కొన్ని ఇంజిన్లలో ఆ రంధ్రం సరైన కొలతకి కోసి ఉండదు. ఇది అన్నీ విప్పాక కాదు, గేర్ బాక్స్ కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతి.

ఈ మార్పిడి గురించి మాట్లాడేవాళ్లంతా ముందు చెప్పే బండి పాత జీప్ చెరోకీ, అదే ఎక్స్‌జే మోడల్. దానికి కారణం ఉంది. 1987 నుంచి 2001 దాకా 4.0 లీటర్ ఇంజిన్‌తో ఏడబ్ల్యూ4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది, అదే ఇంజిన్‌తో కంపెనీయే మాన్యువల్ కూడా అమ్మింది, 1989 నడిమి నుంచి 1999 దాకా అది ఏఎక్స్15 అనే ఐదు గేర్ల డబ్బా. అంటే పెడల్స్ దగ్గర్నుంచి గేర్ బాక్స్‌ని కింద మోసే క్రాస్ మెంబర్ దాకా ప్రతి ముక్కా కంపెనీ చేసినదే దొరుకుతుంది, వెల్డింగ్ పెట్టి ఏదీ పుట్టించక్కర్లేదు. పైగా గేర్లు మార్చే కంప్యూటర్ ఇంజిన్ కంప్యూటర్‌తో కలవకుండా విడిగా ఒక డబ్బాలో ఉంటుంది, అది పీకేసినా ఇంజిన్ నడుస్తుంది. అంత అనుకూలమైన బండిలో కూడా చిక్కులున్నాయి చూడండి. ఇంజిన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్ ఆటోమేటిక్‌కి వేరు మాన్యువల్‌కి వేరు. ఏఎక్స్15లో 1993 దాకా వచ్చినవాటికి స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది, క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్ లోపలే ఉంటుంది, అది లీకైతే గేర్ బాక్స్ మళ్లీ దించాల్సిందే, 1994 నుంచి బయటికి పెట్టారు, కాబట్టి కొనేవాళ్లు ఆ తర్వాతిది చూసుకోవడం మంచిది. ముందు వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఇన్‌పుట్‌కి 21 పళ్లున్నవీ ఉన్నాయి 23 పళ్లున్నవీ ఉన్నాయి, గేర్ బాక్స్‌తో సరిపోకపోతే బొంగరం ఉంటే తాడు లేదు అన్నట్టే ఉంటుంది. అక్కడి నుంచి ఆక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు కూడా కొలిచి చూసుకోవాలి.

వ్యాసంలో క్రౌన్ పినియన్ (ఆక్సిల్‌లో చక్రాలని తిప్పే చివరి గేర్ల జత) ఊసే లేదు, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది అక్కడే. ఈ చెరోకీలనే తీసుకుంటే ఆటోమేటిక్‌లకి మామూలుగా 3.55 రేషియో, అంటే చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నిసార్లు తిరగాలి, మాన్యువల్‌లకి 3.07. ఏడబ్ల్యూ4 మొదటి గేరు 2.80, ఏఎక్స్15 మొదటి గేరు 3.83. మరి ఆటోమేటిక్ ఆక్సిల్స్ అలాగే ఉంచి మాన్యువల్ పెడితే మొదటి గేరులో రెండూ గుణిస్తే మొత్తం రేషియో 13.6, అదే కంపెనీ నుంచి మాన్యువల్‌గా వచ్చిన బండిలో 11.8 లోపే. అంటే మామూలు రోడ్డు మీద మొదటి గేరు వేసీ వేయకముందే రెండోది వేయమంటుంది. హైవే మీద ఐదో గేరులో ఇంజిన్ కంపెనీ మాన్యువల్ కంటే దాదాపు 16 శాతం ఎక్కువ తిరుగుతుంది. ఆటోమేటిక్ టాప్ గేరు కన్నా కూడా కాస్త ఎక్కువే, అక్కడ 0.75 ఇక్కడ 0.79 కాబట్టి. రాళ్లలో గుట్టల్లో తిరిగేవాళ్లకి మాత్రం ఇది పండగే, ట్రాన్స్‌ఫర్ కేస్‌లో ‘లో రేంజ్’ అనే నెమ్మది గేరు రేషియో 2.72తో కూడా గుణిస్తే 37 దాకా పోతుంది, బండి నడిచే మనిషికన్నా నెమ్మదిగా పాకుతుంది. ఆటోమేటిక్‌కి ఇదే లెక్క వేస్తే 27 వస్తుంది గానీ టార్క్ కన్వర్టర్ జారుతూ టార్క్, అంటే తిప్పే బలం, పెంచుతుంది కాబట్టి ఆ 27ని తక్కువగా చూడకండి, రాళ్ల మీద ఆటోమేటిక్కే సుఖం అనేవాళ్లు బోలెడుమంది, నేనూ కొంత ఆ పక్షమే.

ఇక వైరింగ్. ఆటోమేటిక్‌లో లివర్ పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ కొడుతుంది, దానికో స్విచ్ ఉంటుంది, రివర్స్ లైట్లు కూడా ఆ స్విచ్ నుంచే. గేర్ బాక్స్‌తో పాటు అది పోతుంది కదా, చాలామంది సెల్ఫ్‌కి వెళ్లే రెండు వైర్లూ ఒకదానికొకటి కలిపేసి బండి స్టార్టయింది చాలు అనుకుంటారు. చాలదు. గేరులో ఉన్న బండికి ఎవరైనా తెలీక తాళం తిప్పితే సెల్ఫ్ మోటరే బండిని ముందుకి దూకిస్తుంది, ముందు గోడ ఉందో పిల్లాడున్నాడో దానికేం తెలుస్తుంది. ఆ వైర్లు క్లచ్ పెడల్ దగ్గర స్విచ్‌కి ఇవ్వాలి, పెడల్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ కొట్టేట్టు. క్రూజ్ కంట్రోల్ ఉంటే క్లచ్ తొక్కగానే అది కట్టయ్యేలా ఇంకో స్విచ్ కావాలి, లేదంటే క్లచ్ తొక్కిన మరుక్షణం ఇంజిన్ గోల పెట్టేస్తుంది. పార్క్ గేరు అనేది ఇక ఉండదు, ఇన్నాళ్లూ దాని మీదే భారం వేసి హ్యాండ్ బ్రేక్ పట్టించుకోని బండి అయితే ముందు అది బాగుచేయించాలి.

కొత్త బండ్ల విషయం నేను ఎక్కువ చెప్పను, వద్దు, అంతే. ఇంజిన్ కంప్యూటర్ గేర్ బాక్స్ కంప్యూటర్‌తో అస్తమానం మాట్లాడుకుంటూ ఉంటుంది, అటునుంచి జవాబు రాకపోతే లింప్ మోడ్‌లోకి, అంటే బండిని కాపాడుకోవడానికి శక్తి తగ్గించేసే స్థితిలోకి, వెళ్లిపోతుంది, ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆ మాటల మీదే ఆధారపడి ఉంటాయి. ఆ మోడల్ మాన్యువల్‌గా అసలు రానేరాకపోతే మరీ కష్టం.

కాబట్టి ఎవరికైనా నా సలహా ఒకటే, అదే మోడల్, వీలైతే అదే ఏడాది, మాన్యువల్‌తో ఉన్న డొక్కు బండి ఒకటి మొత్తంగా కొనండి, ముక్కలు ముక్కలుగా వద్దు. దాంట్లోంచి పెడల్స్, ఫ్లోర్ మీద లివర్ ప్లేటు, వైరింగ్, కంప్యూటర్, ఆక్సిల్స్ అన్నీ వస్తాయి. అలాంటిది దొరక్కపోతే ఆగండి. ఆటోమేటిక్ పాడైంది కాబట్టి మాన్యువల్ వేద్దాం అనుకునేవాళ్లు అయితే ముందు ఉన్నదాన్ని ఓవర్‌హాల్ చేయించడం గురించి ఆలోచించండి, చాలాసార్లు అదే తొందరగా తేలుతుంది. బండి కాగితాల్లో గేర్ బాక్స్ రకం రాసి ఉంటే దాని సంగతీ, ఇన్సూరెన్స్ సంగతీ పని మొదలెట్టకముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొక్క మాట. వ్యాసం పక్కన వేసిన ఫొటోలో ఉన్నది ఇంజిన్ అడ్డంగా కూర్చునే, ముందు చక్రాలతో నడిచే కారు గేర్ బాక్స్, డిఫరెన్షియల్ దాంట్లోనే కలిసి ఉంది చూడండి. వ్యాసంలో చెప్పిన బండికి అది ఏ రకంగానూ పట్టదు. వీలైతే సరైన ఫొటో మళ్లీ వేయండి.

ఇట్లు,
మీ మోటార్ పేజీ పాఠకుడు